గుణింతం

హిల్‌టౌన్ ఎత్తు ఎక్కుతుంటే
సంచిలో కంప్యూటరు
తొడకి తగులుతూ వచ్చింది దారంతా.
డండీలో జనవరి. మూడున్నరకే దీపాలు.
బేకరీ పైన, మెట్ల చివర
స్ట్రువన్ పెట్రీ కొట్టు.
గంట లేదు. తోస్తే తలుపే మూలుగుతుంది.

డిస్కు ఊడదీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు,
పుచ్చకాయ తట్టి చూసేవాడిలా.
టిక్. టిక్. ఆగి, మళ్లీ టిక్.
"పోయిందా?" అన్నాను.
"పోలేదు. పోవాలని చూస్తోంది."

నేను ఎక్స్‌రేలు తీసేదాన్ని.
రోజుకి నలభై మందిని
ఊపిరి బిగపట్టమంటాను, వదలమంటాను.
విరిగిందని చెప్పడం నా పని కాదు,
బొమ్మ తీసి పైకి పంపేస్తాను.
బల్లకి ఇటువైపు నిలబడటం ఇదే మొదలు.

"ఏం కావాలి ఇందులోంచి? ఫొటోలా?"
"ఈమెయిళ్లు. ఒక్క మనిషివి."
ఒక్క ఉత్తరమని చెప్పడానికి సిగ్గేసింది.

నీలోఫర్‌ది నంద్యాల.
మూడేళ్లు ఒకే ఇల్లు, ఒకే కుక్కరు,
ఒకే గొడుగు, అదీ ఒక ఊచ విరిగింది.
బాయిలర్ చెడిన నెల
నూట నలభై పౌండ్లు ఎవరు కట్టాలన్న దగ్గర మొదలై
పక్కపక్క గదుల్లో కూర్చుని
గోడ ఇవతలి నుంచి అవతలికి
ఉత్తరాలు రాసుకున్నాం, తెలుగులో, తెలుగు లిపిలో.
ఇంగ్లీషులో తిడితే ఆనలేదు మాకు.
తను టైపు చేసే చప్పుడు వినిపించేది.
అది ఆగితే, ఏ మాట కోసం వెతుకుతోందోనని
నేనూ ఆగేదాన్ని.

తను పెర్త్‌కి వెళ్లిపోయాక ఒకటి వచ్చింది.
తెరవలేదు.
ఆరేళ్లుగా నల్లగా, లావుగా, చదవనిదిగా
వరసలో అలాగే ఉంది.
తెరవడమెందుకు, తెలిసిందే కదా.
నన్ను మోసగత్తె అంది అని
అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకున్నాను.

తొమ్మిదో రోజున ఫోన్.
పదకొండు వేల నాలుగు వందలు బయటికి లాగాట్ట.
కరెంటు బిల్లులు, లైబ్రరీ హెచ్చరికలు,
నేను ఎన్నడూ కొనని పరుపు మీద రాయితీ
నూట ఆరుసార్లు.
ఆ కింద నీలోఫర్.

తెర నా వైపు తిప్పాడు.
తెలుగంతా ప్రశ్నార్థకాలు.
పేజీల కొద్దీ,
గోడకి తగిలించిన కొడవళ్లలా.
మునగకుండా మిగిలినవి అంకెలే:
140. 70. మళ్లీ 140.
"ఎన్ని ప్రశ్నలు వేసుకున్నారో" అన్నాడు, నవ్వకుండానే.
డిస్కు తప్పు కాదట.
ఎప్పుడో పాతవన్నీ మూటగట్టేటప్పుడు
ఏదో ప్రోగ్రాముకి మన లిపి రాక
గుర్తు పెట్టి వదిలేసిందట.
వదిలేసింది వెనక్కి రాదట.

చివరిది తెరిచాడు. నేను కాదు, అతనే.
రాత్రి రెండూ పద్నాలుగు.
ఒక్క మాట. పక్కన చుక్క.

????????.

"ఎనిమిది అక్షరాలు" అన్నాను.
"అక్షరాలు కాదు. మీ కొమ్ములూ తోకలూ
దేనికది విడిగా లెక్క."
అంటే గుణింతమూ లెక్కే. పొల్లూ లెక్కే.

మ, ఓత్వం, స, గ,
త, పొల్లు, త, ఎత్వం.
ఎనిమిది.
గెలిచినట్టే.
అరవై పౌండ్లు ఇచ్చి
పెన్‌డ్రైవ్ కోటు లోపలి జేబులో వేసుకున్నాను.

దిగేటప్పుడు దారి నున్నగా, తడిగా.
సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ మనిషి కోసం నిలబడి
ఊరికే, చలికి చేతులు కొంకర్లు పోకుండా
గ్లవ్స్‌లోని వేళ్ల మీద
ఇంకో మాట లెక్కపెట్టాను.

క. పొల్లు. ష. మ.
గుడి. సున్న.
చ. కొమ్ము.

ఆకుపచ్చ మనిషి వచ్చాడు, పోయాడు.
వెనకావిడ నన్ను తప్పుకుని దాటింది.
మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను,
ఈసారి పైకే.

రెండు వేళ్లు మిగిలాయి.